ముట్లుడిగే వయస్సు – ఈస్ట్రోజెన్ మందు

(మన సంఘం మహిళా విభాగం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగశ్రవణం ఇప్పుడే విన్నాము. ఎవరికి ఆదాయమెంతో, వ్యయమెంతో తెలిసినది. ఈ సంవత్సరానికి పరాభవ అని పేరు గనుక, ఆ పేరు వినగానే ఒకరిద్దరు ముఖం చిట్లించుకున్నారు కూడా. దానిపైన ఈ వైద్యపు గొడవ ఒకటా అని మీకు తోచవచ్చును. కాని నలభై దాటిన స్త్రీలు ఇంతమంది, తెలుగులో మనసు విప్పి మాట్లాడుకొనేందుకు వీలుగా, ఈ బరంపురంలో ఒక్కచోట కూడేది ఏడాదికి ఒకమారే. అందుచేత కార్యదర్శినిగారు అడిగినదే తడవుగా మేము ఒప్పుకున్నాము.

తెలుగులో అని నొక్కి చెప్పడానికి కారణమున్నది. 1936లో గంజాం మద్రాసు రాజధానినుంచి విడివడి ఒరిస్సాలో చేరినది మొదలు మన బ్రతుకు మూడు భాషల మధ్య నడుస్తున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పిల్లల చదువు ఇంగ్లీషు. పెద్దావిడ ఆసుపత్రికి వెళ్ళవలసివస్తే మాట అందించడానికి కొడుకో, మనుమడో వెంట వెళతాడు. ఆవిడ డాక్టరుతో చెప్పవలసినది, రాత్రివేళ చీర తడిసిపోయేటట్లు చెమట పోస్తున్నదనీ, మూత్రానికి వెళితే మంటగా ఉన్నదనీ, కాపురమంటేనే భయం పుడుతున్నదనీ. కొడుకు ఎదుట ఏ తల్లి చెబుతుంది? "మోకాళ్ళ నొప్పులు నాయనా" అంటుంది. మోకాళ్ళకు మందు తెచ్చుకొని ఇంటికి వస్తుంది. తరువాత ప్రక్కింటి వదినెగారు చాటుగా ఒక మాత్రల షీటు ఇస్తుంది. "నాకు ఇవి వాడినాక ఆవిర్లు తగ్గినవి, నీవూ వాడి చూడు" అంటుంది. ఆ వదినెగారిది మంచి మనసే. కాని ఆ షీటులో ఉన్నది తలనొప్పి మాత్ర కాదు, ఈస్ట్రోజెన్. అది ఒకరికి అమృతం, మరొకరికి హాని. ఎవరికి ఏది అన్నదే ఈనాటి మా ప్రసంగం.

స్త్రీకి గర్భసంచికి ఇరుప్రక్కల అండాశయాలు రెండున్నవి. బహిష్టు నడిచే వయస్సంతా అవి ఈస్ట్రోజెన్ అనే హార్మోనును తయారుచేస్తుంటవి. అవి పని చాలించినప్పుడు ముట్లుడుగుతవి. వరుసగా పన్నెండు నెలలు ముట్టు కనిపించకపోతే ముట్లుడిగినట్లు లెక్క. పాశ్చాత్య దేశాల స్త్రీలకు ఇది సగటున 51 ఏళ్ళకు వస్తే, మనదేశపు స్త్రీలకు 46, 47 ఏళ్ళకే వస్తున్నది. ఈస్ట్రోజెన్ తగ్గేసరికి మెదడులో ఒంటి వేడిని అదుపులో ఉంచే కేంద్రం చీటికి మాటికి తడబడుతుంది. ఉన్నట్టుండి రొమ్మునుంచి ముఖానికి సెగ ఎగదన్నడం, చెమట, గుండెదడ, ఆ వెంటనే చలి. వీటినే మనవారు ఆవిర్లు అంటారు. కొందరికి ఏడాదిలో పోతవి. కొందరికి ఏడెనిమిదేళ్ళు ఉంటవి. 45 దాటిన మనిషికి ముట్లు తప్పి ఆవిర్లు వస్తుంటే, ఇది ముట్లుడిగే దశేనా అని తేల్చడానికి సాధారణంగా రక్తపరీక్ష అవసరం లేదు. ఆ డబ్బు బి.పి., మధుమేహం చూపించుకొనేందుకు ఖర్చు చేయడం మేలు.

మందు అందరికీ కావలెనని మేము అనడం లేదు. ఆవిర్లు వచ్చినా పనిపాటలు సాగిపోయేవారికి ఏ మందూ అక్కరలేదు. నిద్రలేక, చిరాకుతో, ఉద్యోగం మానుకొందామా అనుకొనే స్థితికి వచ్చినవారికి "వయస్సు వచ్చినది, ఓర్చుకో" అనడం మాత్రం వైద్యం కాదు. ఆవిర్లకు ఈస్ట్రోజెన్‌ను మించి పనిచేసే మందు ఇంతవరకు లేదు.

ఈ మందు చరిత్ర కొంచెం చెప్పవలె. ఏమంటే, దీనినిగురించి మీరు విన్న మాటలన్నీ ఆ చరిత్రలోనుంచే వచ్చినవి. చూడి గుఱ్ఱాల మూత్రంనుంచి తీసిన ప్రెమారిన్ అనే మాత్రను 1942లో అమెరికాలో అమ్మనిచ్చినారు. 1966లో అక్కడ ఒక డాక్టరు, ఈ మందు వాడితే స్త్రీకి యౌవనం తరగదనే ధోరణిలో పుస్తకం వ్రాస్తే అది విపరీతంగా అమ్ముడుపోయినది. 1975లో బండారం బయటపడినది. ఈస్ట్రోజెన్ ఒక్కటే ఏళ్ళతరబడి వాడిన స్త్రీలలో గర్భసంచి లోపొరకు క్యాన్సరు ఎక్కువగా వస్తున్నదని తేలినది. అప్పటినుంచి దానికి తోడుగా ప్రొజెస్టరోన్ జాతి మందును ఇవ్వడం నియమమైనది. 2002 జూలైలో రెండవ పిడుగు పడినది. 16,608 మంది స్త్రీలమీద జరుగుతున్న పెద్ద పరిశోధనను మధ్యలోనే ఆపివేసినారు. ప్రపంచమంతటా స్త్రీలు రాత్రికి రాత్రి మాత్రలు మానివేసినారు.

ఆ పరిశోధన చెప్పినదేమిటో లెక్కలో చూద్దాము. రెండు మందులు కలిపి వాడినవారిలో, ఏడాదికి 10,000 మందికి 38 మందికి రొమ్ము క్యాన్సరు వచ్చినది. ఉత్త మాత్ర మ్రింగినవారిలో 30 మందికి వచ్చినది. అంటే పదివేలమందిలో ఎనిమిదిమందికి ఎక్కువ. ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టడం 8నుంచి 16కు పెరిగినది. పక్షవాతం 21నుంచి 29కి పెరిగినది. తుంటి ఎముక విరగడం మాత్రం 15నుంచి 10కి తగ్గినది. ఈ అంకెలను కొట్టిపారవేయకూడదు, గుండెలు బాదుకోనూ కూడదు. ఆ స్త్రీల సగటు వయస్సు 63 అన్న సంగతి పత్రికలలో అంతగా రాలేదు. ముట్లుడిగి పదీ పదిహేనేళ్ళయినవారు అందులో చాలామంది. అప్పటికి రక్తనాళాలు ముదిరి ఉంటవి. గర్భసంచి తీయించుకొని ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో రొమ్ము క్యాన్సరు పెరగనేలేదు. అందువల్ల నేడు వైద్యులు అనుసరించే పద్ధతి ఇది: వయస్సు 60 లోపు, లేక ముట్లుడిగి పదేళ్ళ లోపు అయి, ఆవిర్లు బాధిస్తూ, వేరే అడ్డు లేకపోతే చాలామందికి ఈ మందువల్ల మేలే ఎక్కువ. అరవై దాటినాక క్రొత్తగా మొదలుపెట్టడం మంచిది కాదు. 2025 నవంబరులో అమెరికా ఔషధ శాఖవారు, ఈ మందులకు వేయించిన పెద్ద హెచ్చరికలోనుంచి గుండెజబ్బు, రొమ్ము క్యాన్సరు, మతిమరపుల మాట తీసివేయిస్తామని ప్రకటించినారు. గర్భసంచి ఉన్న మనిషి ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడరాదన్న హెచ్చరికను మాత్రం వారు కూడా ముట్టుకోలేదు.

ఇక మన తెలుగువారికి ముఖ్యంగా చెప్పవలసిన మాట. 2015–16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంమొత్తంమీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7. ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలోకెల్లా ఎక్కువ ఆంధ్రలోనే. తెల్లబట్ట అవుతున్నదని, ముట్టు ఎక్కువైనదని, ఇక పిల్లలు అక్కరలేదు గదా అని ముప్పైఅయిదేళ్ళకే తీయించివేసినవారెందరో. బరంపురంలో ఉన్నా మన చుట్టరికాలు శ్రీకాకుళం, విశాఖపట్నాలతోనే గనుక, ఆపరేషనుకు అటు వెళ్ళి చేయించుకొని వచ్చినవారు ఈ సభలోనూ ఉందురు. వారిని మేము అడిగేది ఒక్కటే ప్రశ్న. గర్భసంచి మాత్రమే తీసినారా, అండాశయాలు కూడా తీసినారా?

చాలామందికి తెలియదు. "అన్నీ తీసేసినారమ్మా" అంటారు. ఆ "అన్నీ"లో ఏమేమి ఉన్నవో ఆసుపత్రివారు ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. ఆ కాగితం బియ్యపు డబ్బా అడుగునో, పాత ట్రంకుపెట్టెలోనో ఉంటుంది. లేదా ఇల్లు మారినప్పుడు పోయి ఉంటుంది. ఇంటి పట్టాను ఎట్లా దాచుకుంటామో దీనినీ అట్లాగే దాచుకోవలెను. పోయి ఉంటే ఆసుపత్రిలో నకలు అడగవలెను. అదీ దొరకకపోతే స్కానింగు చేయించి చూడవలసి ఉంటుంది.

ఎందుకింత చెబుతున్నామంటే, వైద్యం అంతా దానిమీద ఆధారపడి ఉన్నది. అండాశయాలు రెండూ తీసివేస్తే, వయస్సు ముప్పైఅయిదయినా సరే, ఆ రోజే ముట్లుడిగినట్లు. మెల్లగా దిగవలసిన మెట్లన్నీ ఒక్క దూకుగా దూకినట్లవుతుంది. ఆవిర్లు తీవ్రంగా వస్తవి. అంతకంటె ముఖ్యం, ఎముకలు ముందుగా పలచబడుతవి, గుండెజబ్బు ముందుగా వస్తుంది. 45 లోపు ఇట్లా జరిగినవారికి, రొమ్ము క్యాన్సరువంటి అడ్డు లేకపోతే, ఆవిర్లు ఉన్నా లేకపోయినా సుమారు 50 ఏళ్ళవరకు ఈస్ట్రోజెన్ ఇవ్వడం మంచిదని వైద్యశాస్త్రం చెబుతున్నది. వారి విషయంలో ఇది ఒంట్లో ఉండవలసినదానిని తిరిగి పూరించడమే. 2002నాటి భయపు లెక్కలు వారికి వర్తించవు. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రం తీసినవారికి కూడ ముట్లుడిగే దశ కొంత ముందుగా రావచ్చును. వారికి ముట్టు ఎట్లాగూ రాదు గనుక, ఆ దశ వచ్చినట్లే తెలియదు. నలభై రెండేళ్ళకు నిద్ర పట్టడం లేదని నిద్రమాత్రలు మ్రింగేవారిలో ఇటువంటివారిని మేము చూస్తూనే ఉన్నాము.

గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. గర్భసంచి ఉన్నవారికి అది ఒక్కటే ఇవ్వరాదు. దీనిని చేనుతో పోల్చి చెబుతాము. ఈస్ట్రోజెన్ నీరువంటిది. గర్భసంచి లోపొర దానితో పెరుగుతుంది. నీరు పెడుతూ పోయి కలుపు తీయకపోతే చేను ఏమవుతుంది? ఆ కలుపు తీసేది ప్రొజెస్టరోన్. ప్రతిరాత్రి కాని, నెలకు కనీసం పన్నెండు రోజులు కాని అది తప్పక వేసుకోవలెను. కొందరికి దాని బదులు గర్భసంచిలో హార్మోను లూపు వేస్తారు. "ప్రొజెస్టరోన్ వేసుకుంటే మత్తుగా ఉంటున్నది, అది మాని ఇది వాడుతున్నాను" అనేవారున్నారు. మత్తు వస్తుంది కనుకనే రాత్రి పడుకొనేముందు వేసుకొమ్మంటాము. మానవలసివస్తే రెండూ మానవలె గాని, దానిని మాత్రం మానరాదు. వదినెగారి షీటులో చిక్కు ఇక్కడే ఉన్నది. ఆవిడకు గర్భసంచి లేదు. మీకు ఉన్నది.

రొమ్ము క్యాన్సరు, గర్భసంచి లోపొర క్యాన్సరు ఉన్నా, ఒకప్పుడు వచ్చి తగ్గినా, గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉన్నా, కాలిలోగాని ఊపిరితిత్తులలోగాని రక్తం గడ్డకట్టి ఉన్నా, లివరు జబ్బు ఉన్నా, కారణం తెలియని రక్తస్రావం అవుతున్నా ఈ మందు సామాన్యంగా ఇవ్వరు. వారికి ఆవిర్లు తగ్గించేందుకు హార్మోను కాని మందులు వేరే ఉన్నవి. బి.పి. ఎక్కువగా ఉన్నవారు ముందు దానిని అదుపులోకి తెచ్చుకోవలెను. పొగత్రాగేవారికి రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఇక్కడొక విశేషమున్నది. డాక్టరు "సిగరెట్టు త్రాగుతారా" అని అడిగితే మన పెద్దమ్మలు లేదనే అంటారు. అబద్ధం కాదు, వారు త్రాగేది చుట్ట! శ్రీకాకుళం, విశాఖ, గంజాం తీరపు పల్లెలలో ఆడవారు నిప్పు నోటిలోపలికి పెట్టి త్రాగే అడ్డపొగ మీకు తెలియనిది కాదు. అదీ పొగే. దానినీ చెప్పవలెను.

మాత్ర మంచిదా, జెల్ మంచిదా అని అడుగుతుంటారు. మాత్ర కడుపులోనుంచి మొదట లివరుకు పోతుంది. అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలు ఎక్కువగా తయారయ్యేటట్లు చేస్తుంది. చర్మంమీద రాసే జెల్, అంటించే పట్టీ ఆ దారిన పోవు. అందువల్ల ఒళ్ళు భారీగా ఉన్నవారికి, మధుమేహం, బి.పి., పార్శ్వపు నొప్పి, పిత్తాశయంలో రాళ్ళు ఉన్నవారికి చర్మంద్వారా ఇవ్వడమే మంచిదని మా అభిప్రాయం. జెల్‌ను శుభ్రమైన పొడి చర్మంమీద, భుజానికో తొడకో రాసుకోవలెను, రొమ్ములమీద రాయరాదు. అది ఆరేవరకు ఆగి చీర కట్టుకోవలెను, చేతులు సబ్బుతో కడుగుకోవలెను. మనుమలను ఎత్తుకొనేవారు మరీ జాగ్రత్తపడవలె. ఆ మందు పసిపిల్లల ఒంటికి అంటరాదు. ఈవేళ మనమంతా తలంటి పోసుకొన్నాము గదా. నూనె పట్టించిన ఒంటిమీద జెల్ రాసినా, రాసిన వెంటనే నీళ్ళు పోసుకొన్నా సరిగా పట్టదు. స్నానం చేసి ఒళ్ళు తుడుచుకొన్న తరువాత రాసుకొండి.

ఆవిర్లు లేకుండా మూత్రంలో మంట, మాటిమాటికి చీము పట్టడం, యోని పొడిబారి కాపురం బాధాకరం కావడం మాత్రమే ఉంటే, ఒళ్ళంతటికీ మందు అక్కరలేదు. లోపల రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఉన్నది. మొదట రెండు వారాలు ప్రతిరాత్రి, తరువాత వారానికి రెండుసార్లు. ఇది రక్తంలోకి పోయేది అత్యల్పం. తక్కువ మోతాదులో వాడేటప్పుడు ప్రొజెస్టరోన్ తోడు కూడ సామాన్యంగా అక్కరలేదు. అరవై, డెబ్బై ఏళ్ళవారికీ పనికివస్తుంది. సిగ్గుపడి చెప్పకపోవడంచేత ఏళ్ళతరబడి మూత్రపు మంటకు ఏవేవో మందులు మ్రింగేవారికి ఇంత సులభమైన చికిత్స ఉన్నదని తెలియకపోవడం మాకు చాల కష్టంగా ఉంటుంది.

మందు మొదలుపెట్టేముందు బి.పి., బరువు, రొమ్ముల పరీక్ష, వయస్సునుబట్టి మామోగ్రాం చూడవలె. తక్కువ మోతాదుతో ఆరంభించి మూడు నెలలకు ఒకమారు, తరువాత ఏడాదికొకమారు డాక్టరును కలుసుకోవలెను. మాత్ర ఒకరోజు మరచిపోతే మర్నాడు రెండు మ్రింగరాదు. థైరాయిడు మాత్రలు వాడేవారు ఈస్ట్రోజెన్ మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు నెలలలో థైరాయిడు పరీక్ష మళ్ళీ చేయించుకోవలె. మోతాదు పెంచవలసి రావచ్చును. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు ఈస్ట్రోజెన్ పనిని తగ్గించివేస్తవి. "సహజమైనది" అని అమ్మే పొడులనూ డాక్టరుకు చూపవలె. ఏదైనా ఆపరేషను నిర్ణయమైతే ఈ మందు వాడుతున్నామని ముందే చెప్పవలెను. ముట్లు ఇంకా పూర్తిగా ఆగనివారు ఇది గర్భనిరోధకం కాదని గుర్తుంచుకోవలె.

ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, రొమ్ములో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి పోవలెను.

ఇంకొక సంగతి, దీనికి మందు వాడేవారు, వాడనివారు అన్న భేదం లేదు. ముట్లుడిగి ఏడాది గడిచిన తరువాత రక్తం కనబడితే, ఒక్క చుక్కయినా సరే, చూపించుకోవలెను. మన ఇళ్ళలో ఏమి జరుగుతుందో మనకు తెలుసు. "మళ్ళీ ముట్టయినాను" అని ఆవిడ మూడు రోజులు దూరంగా కూర్చుంటుంది. నాలుగవనాడు తల స్నానం చేస్తుంది. ఈ వయస్సులో ఇదేమిటని నవ్వుతారేమోనని కోడలికి కూడ చెప్పదు. ఆ రక్తం ముట్టు కాదు. చాలమందికి అది లోపొర పలచబడడంవల్లనో, చిన్న కండ పెరగడంవల్లనో వస్తుంది. కాని కొందరికి అది లోపొర క్యాన్సరుకు మొదటి గుర్తు. ఆ క్యాన్సరు మొదట్లోనే రక్తం చూపించి పిలుస్తుంది గనుక, ఆ పిలుపు విన్నవారికి చాలవరకు పూర్తిగా నయమవుతుంది. స్కానింగు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్ష, అంతే. రెండు మందులు కలిపి వాడేవారిలో మొదటి మూడు నెలలు, ఒక్కొక్కసారి ఆరు నెలలు, కొద్దికొద్దిగా కనబడడం కద్దు. అదీ డాక్టరు చెప్పవలసిన మాటే గాని మనం అనుకోవలసినది కాదు.

యౌవనం కోసమో, జ్ఞాపకశక్తి కోసమో, గుండెజబ్బు రాకుండానో ఈ మందు వాడమని ఎవరైనా చెబితే నమ్మవద్దు. అందుకు ఇది పనికిరాదు.

ఎన్నాళ్ళు వాడవలెనని అడుగుతారు. దానికి గడువంటూ లేదు. రెండు మందులు కలిపి వాడేవారికి ఏళ్ళు గడిచినకొద్దీ రొమ్ము క్యాన్సరు ప్రమాదం కొంచెం కొంచెం పెరుగుతుంది గనుక, ఏడాదికొకమారు ఇంకా అవసరమా అని డాక్టరుతో కూర్చుని ఆలోచించవలెను. మానదలచినప్పుడు ఒక్కసారి మానినా, మెల్లగా తగ్గించినా చివరకు ఒకటే. మెల్లగా తగ్గిస్తే మొదటి వారాలలో ఆవిర్లు తిరగబెట్టడం కొంత తక్కువ. లోపల రాసే క్రీము మాత్రం కావలసినన్నాళ్ళు సాగించవచ్చును.

కార్యదర్శినిగారు ప్రక్క గదిలో కుర్చీలు వేయించినారు. మగవారు భోజనాలకు లేచిన తరువాత, అడగదలచినవారు ఒక్కొక్కరుగా అక్కడికి రావచ్చును. డిశ్చార్జి కాగితం వెంట తెచ్చుకున్నవారిని ముందుగా చూస్తాము.